వెయ్యి ప్రతుల్లో ఒకటి: బెజవాడ, గుంటూరు పాత పుస్తకాల దారిలో

గురువారం

నాకు కావలసినవి కథలూ నవలలూ కావు. వాటిని వెతికేవాళ్లు, దాచేవాళ్లు, వాటి గురించి రాసేవాళ్లు మనకు తక్కువేమీ కాదు. నేను వెతికేది పని నేర్పే పుస్తకాలను. రేడియో బాగుచేయడం, కుట్టుపని, తేనెటీగల పెంపకం, పచ్చళ్లు, పశువుల రోగాలు, గడియారాల మరమ్మతు, ఉత్తరాలు రాసే పద్ధతి. ఇలాంటి వాటి మీద ఒక తరం ముందు, రెండు తరాల ముందు తెలుగులో చిన్న చిన్న పుస్తకాలు చాలా వచ్చాయి. సాహిత్య చరిత్రల్లో వాటి ఊసు ఉండదు. వెయ్యి ప్రతులు వేసి, అవి అమ్ముడయ్యాక మళ్లీ అచ్చుమొహం చూడనివే ఎక్కువ. ఇప్పుడు అవి దొరికితే పాత పుస్తకాల కొట్లోనే దొరకాలి. అందుకే సెలవు పెట్టి, విశాఖపట్నంలో రాత్రి రైలెక్కి, తెల్లవారేసరికి విజయవాడలో దిగాను.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతూ ఉండగా ఈ వెతుకులాట అలవాటైంది. చేతిపనిని తెలుగులో ఇంత వివరంగా, ఇంత ఓపికగా చెప్పినవాళ్లు ఉన్నారని నాకు చాలాకాలం తెలియదు. వాళ్లలో చాలామంది పేరున్న రచయితలు కారు. మెకానిక్కులు, బడిపంతుళ్లు, వ్యవసాయ శాఖలో పనిచేసినవాళ్లు.

గాంధీనగర్‌లో గది తీసుకుని, స్నానం, టిఫిను ముగించి పది గంటలకల్లా పాత పుస్తకాల కొట్లుండే లెనిన్ సెంటర్‌కు చేరాను. స్టేషన్ నుంచి నడిచిపోగల దూరమే. జూలై నెల, పైన మబ్బు. కొట్లవాళ్లు ముందు జాగ్రత్తగా టార్పాలిన్లు సగం దించి ఉంచారు. ఇంటర్ పిల్లలు, డిగ్రీ పిల్లలు, వాళ్ల వెంట వచ్చిన నాన్నలు గైడ్ల కోసం ముసురుకుని ఉన్నారు. ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్), పాలీసెట్, గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు. నిరుడు వాడిన పుస్తకం సగం ధరకు దొరుకుతుంది. చదివి తెచ్చి ఇస్తే మళ్లీ కొంత వెనక్కి ఇస్తారు. కొత్త పుస్తకాలన్నీ కొనలేని ఇళ్లకు ఇది ఎంత ఆసరానో అక్కడ పావుగంట నిలబడితే తెలుస్తుంది. ఒక తండ్రి జేబులోంచి మడత కాగితం తీసి, అందులో రాసుకొచ్చిన పేర్లు ఒక్కొక్కటే చదువుతున్నాడు. కొట్టు కుర్రవాడు తల కూడా ఎత్తకుండా చెయ్యి చాపి ఒక్కొక్కటే తీస్తున్నాడు.

పాత సాహిత్యం మీద ప్రేమ ఉన్నవాళ్లు కొందరు ఈ గైడ్లను చూసి మొహం చిట్లిస్తారు. నాకు మాత్రం వాటి మీద గౌరవం. కొట్టు అద్దె, కరెంటు బిల్లు, కుర్రవాడి జీతం కట్టేవి అవే. వాటి పుణ్యాన వెనక గదిలో నా పుస్తకాలు చెత్తకాగితం కాకుండా ఏళ్ల తరబడి నిలబడి ఉన్నాయి.

ఆ వెనక గదికి వెళ్లాలంటే యజమానికి మన మీద నమ్మకం కుదరాలి. ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి.

"ఏం కావాలమ్మా?"

"బాబాయి గారూ, రేడియో రిపేరు, మోటారు వైండింగు, కుట్టుపని, ఇలాంటి పాత తెలుగు పుస్తకాలేమైనా ఉంటాయా?"

ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని నన్ను ఒకసారి చూశారు. "అవి ఎవరూ అడగరు తల్లీ. లోపల ఎడమవైపు కింది అరలు చూడు. ఫ్యాను వేసుకో. పైవి మాత్రం లాగకు, కట్ట మొత్తం మీద పడుతుంది."

కిందికి వంగి, నేల మీదే కూర్చున్నాను. కలరా ఉండల వాసన, తడి అట్ట వాసన. పాత పుస్తకం వయసు చూడడానికి కొన్ని గుర్తులున్నాయి. అచ్చు సంవత్సరం వేయడం చాలామంది మరిచేవారు కాబట్టి అవి తెలిసి ఉండాలి. ముందు వెల చూడాలి. 1-4-0 అని మూడు అంకెలుంటే రూపాయి నాలుగణాలు. అంటే 1957 ఏప్రిల్‌లో దశాంశ నాణేలు రావడానికి ముందుది. 'న.పై.' అని ఉంటే నయాపైసల కాలం, 1957కూ 1964కూ మధ్య. తర్వాత చిరునామా చూడాలి. 'విజయవాడ-2' అని ఊరుకుంటే చాలావరకు 1972 ఆగస్టుకు ముందుది. '520 002' అని పూర్తి పిన్‌కోడు ఉంటే ఆ తర్వాతది. ఇంకా అనుమానం ఉంటే పేజీని వెనకవైపు నుంచి వేలితో తడమాలి. సీసపు అక్షరాలతో అచ్చయిన పేజీకి వెనకవైపు సన్నటి గరుకు తగులుతుంది. ఆఫ్‌సెట్ అచ్చుకు ఆ గరుకు ఉండదు. ఆ గరుకు మీద వేలు పెట్టినప్పుడల్లా, ఒక్కొక్క అక్షరం ఏరి, గుణింతం, ఒత్తు జతపరచి పేర్చిన కంపోజిటరు చేతులు గుర్తుకొస్తాయి.

గంట గడిచాక దొరికింది. రేడియో నిర్మాణం, మరమ్మతు మీద నూట ఇరవై పేజీల పుస్తకం. వెల 2-8-0. ముందు అట్ట లేదు. లోపల వాల్వు సెట్ల, అంటే ట్రాన్సిస్టర్లకు ముందటి గాజు వాల్వుల రేడియోల, సర్క్యూట్లు బ్లాకులు (బొమ్మలు అచ్చువేసే లోహపు ఫలకాలు) చేయించి అచ్చువేశారు. గీతలు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. టంకం వేసేటప్పుడు ఇనుము ఎంత వేడెక్కాలో చెప్పడానికి రచయిత ఒక పేజీన్నర తీసుకున్నాడు. ఇవాళ నా విద్యార్థులకు నేను ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసే సంగతి అది. మధ్యలో ఎక్కడో ఆ పుస్తకం మొదటి యజమాని పెన్సిలుతో రాసుకున్నాడు: 'బెజవాడ బాగుగా వినబడుతోంది. రాత్రి 7-15.' విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ తర్వాత ఏదో ఒక రాత్రి, ఏదో ఒక పల్లెలో, ఒకాయన ఈ పుస్తకం పక్కన పెట్టుకుని సొంతంగా కట్టుకున్న సెట్టు మొదటిసారి పలికింది. పాతికో పేజీ దగ్గర మడతపెట్టిన కాగితం ఉంది. పోస్టాఫీసులో కట్టిన రేడియో లైసెన్సు రసీదు. రేడియో వినాలంటే ఏటా డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవలసిన రోజులవి. చెప్పలేనంత సంతోషం కలిగింది.

"ఎంత ఇమ్మంటారు బాబాయి గారూ?"

"రెండు వందలు ఇవ్వమ్మా."

బేరం ఆడలేదు. పాత పుస్తకాల దగ్గర నేను బేరం ఆడను, ఇతరులను కూడా ఆడవద్దంటాను. ఈ పుస్తకం ఆయన దగ్గరికి కిలోల లెక్కన వచ్చిన కట్టలో వచ్చి ఉంటుంది, నిజమే. కానీ ఆ కట్టలోంచి దాన్ని పక్కకు తీసి, ఎవరూ అడగని సరుకుకు అరలో చోటిచ్చి ఇన్నేళ్లు కాపాడినది ఆయనే. దాని వల్ల నాలుగు రూపాయలు వస్తాయని తెలిస్తేనే వచ్చే కట్టలో ఉన్న మరొకటి కాగితం మిల్లుకు పోకుండా ఆగుతుంది.

కట్టలు ఎలా వస్తాయని అడిగాను. ఇళ్ల దగ్గర పాత పేపర్లు కొనేవాళ్లు గోడౌనుకు వేస్తారు. గోడౌనువాళ్లు పుస్తకంలా కనిపించినవి విడదీసి ఈ కొట్లకు కబురుచేస్తారు. ఇల్లు మారినప్పుడు కొన్ని వస్తాయి. ఎక్కువ భాగం మాత్రం ఇంటి పెద్ద పోయిన తర్వాత వస్తాయి. "పంతుళ్ల ఇళ్ల నుంచి వచ్చేవి శుభ్రంగా ఉంటాయమ్మా. అట్టలు వేసి, నంబర్లు రాసి ఉంటాయి. ప్లీడర్ల ఇళ్లవి బరువు" అన్నారాయన. మధ్యాహ్నం భోజనం దాటిపోయినా నాకు లేవాలనిపించలేదు. సాయంత్రానికి నా సంచిలో ఇంకో మూడు చేరాయి: సైకిలు మరమ్మతు, సబ్బుల తయారీ, కోళ్ల పెంపకం.

శుక్రవారం

ఇవాళ కొత్త పుస్తకాల రోజు. ఏలూరు రోడ్డుకు కారల్ మార్క్స్ రోడ్డు అని పేరు పెట్టారు గానీ ఊరంతా ఏలూరు రోడ్డనే అంటారు. తెలుగు ప్రచురణకు ఈ రోడ్డు ఎంత ముఖ్యమో బయటి ఊళ్లవాళ్లకు తెలియకపోవచ్చు. పెద్ద రైల్వే జంక్షను, ఎటు చూసినా జిల్లాలకు దారులు, దినపత్రికలు ఇక్కడే అచ్చవడం వల్ల చేతికి అందుబాటులో ఉన్న కంపోజిటర్లు, బ్లాకులు చేసేవాళ్లు, బైండర్లు, దానికి తోడు ఊళ్లో బలంగా ఉన్న వామపక్ష ఉద్యమాలు. ఇవన్నీ కలిసి పుస్తకాన్ని ఇక్కడ ఒక పరిశ్రమగా నిలబెట్టాయి. విశాలాంధ్ర, ప్రజాశక్తి పుస్తకశాలలు రెండూ ఈ ఊరి సంస్థలే. బందరులో పుట్టిన ఎమెస్కో తర్వాత ఇక్కడికి చేరింది. దాని జేబు పుస్తకాలు ఒకప్పుడు మధ్యతరగతి ఇళ్లకు సొంత గ్రంథాలయం అనే ఆలోచన నేర్పాయి.

విశాలాంధ్రలో ముందుగా వెనక అరల వైపు పోయాను. మా తరానికి ఈ పుస్తకశాల అంటే సోవియట్ పుస్తకాలు. మాస్కోలో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులోకి అనువదించి, గట్టి అట్టలతో, రంగుల బొమ్మలతో అచ్చువేసి పంపినవి ఇక్కడ చాలా తక్కువ ధరకు దొరికేవి. ఉప్పల లక్ష్మణరావు గారు, రాళ్లబండి వెంకటేశ్వరరావు గారు లాంటి వాళ్లు మాస్కో వెళ్లి అక్కడే ఉండి అనువాదాలు చేశారు. వాటిని ఊరూరా తిప్పడానికి సంచార పుస్తకశాల వాహనం ఉండేది. 1991లో సోవియట్ యూనియన్‌తో పాటు ఆ పుస్తకాలూ ఆగిపోయాయి. పిల్లల కోసం భౌతికశాస్త్రం, గణితం గురించి రాసినవి కొన్ని మన ప్రచురణకర్తలు మళ్లీ వేశారు. అసలు ముద్రణల కోసం మాత్రం మళ్లీ లెనిన్ సెంటర్‌కే పోవాలి. ఒకే రోడ్డులో ఒక చోట కొత్తగా అమ్మిన పుస్తకం, నలభై ఏళ్ల తర్వాత కొద్ది దూరంలో ఇంకో చోట పాతదిగా దొరకడం ఈ ఊళ్లోనే చూశాను.

ఇంత పుస్తకశాలలోనూ చేతిపని నేర్పే కొత్త పుస్తకాలు ఒక్క అర కూడా నిండలేదు. వ్యవసాయం మీద కొన్ని, వంటల మీద కొన్ని ఉన్నాయి. ప్రకృతి సేద్యం మీద మంచి పుస్తకం ఒకటి కొన్నాను. పనిముట్ల గురించి, మరమ్మతుల గురించి ఏమీ లేవు. ఇప్పటి పిల్లలు వీడియో చూసి నేర్చుకుంటారని కౌంటరులో ఉన్న అబ్బాయి అన్నాడు. నిజమే, నేనూ చూస్తాను. కానీ వీడియోలో మరమ్మతు చేసేవాడు తన వేగంతో పోతాడు. పుస్తకం మాత్రం మన చేతిలో స్క్రూడ్రైవరు ఉన్నంతసేపూ అదే పేజీ దగ్గర తెరిచి ఉంటుంది. పక్కన మనం పెన్సిలుతో రాసుకున్నది పదేళ్ల తర్వాత ఇంకొకరికి పనికొస్తుంది.

ఈ షాపుల్లో ఇంకో సుఖం ఉంది. ఎంతసేపు నిలబడి చదివినా ఎవరూ ఏమీ అనరు. ఒక పెద్దాయన ఆ మూల స్టూలు మీద కూర్చుని కవిత్వం చదువుతున్నారు. నేను వచ్చినప్పుడూ అక్కడే ఉన్నారు, వెళ్లేటప్పుడూ అక్కడే ఉన్నారు. మధ్యలో ఒకసారి కౌంటరు అబ్బాయి ఆయనకు టీ తెచ్చి ఇచ్చాడు.

సాయంత్రం వాన దంచింది. రామమోహన గ్రంథాలయం వైపు వెళ్లాలనుకున్నది కుదరలేదు. 1911లో పెట్టిన గ్రంథాలయం అది. 1914 ఏప్రిల్ 10న ఈ ఊళ్లోనే గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకట రమణయ్య గారు దాని వెనక ఉన్న శక్తి. పల్లె పల్లెకూ పుస్తకం చేరాలని వాళ్లు తిరిగిన దూరాలు చదివితే, నా సంచి బరువు గురించి మాట్లాడడానికి కూడా మనసొప్పదు.

శనివారం

పొద్దున్నే గుంటూరు బస్సు. వారధి దాటి, తాడేపల్లి, మంగళగిరి మీదుగా గంట ప్రయాణం. కృష్ణలో నీళ్లు ఎర్రగా వచ్చాయి. మంగళగిరి గాలిగోపురం కనిపించేసరికి వాన వెలిసింది.

గుంటూరులో పుస్తకాల వీధులు వెతకాలంటే అరండల్‌పేట, బ్రాడీపేట. ఇక్కడ వీధులకు పేర్లుండవు, లైన్లుంటాయి. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని చెబితే ఆటోవాళ్లు సరిగ్గా గుమ్మం ముందు దింపుతారు. కోచింగు సెంటర్లు, ఆసుపత్రులు, మధ్యలో పుస్తకాల షాపులు. నేను వెళ్లిన కొట్టు పేరు రాయను. చాలా చిన్నది, పేరు చూసి జనం ఒక్కసారి మీద పడితే ఆవిడకు ఇబ్బంది. నా వయసే ఉంటుంది. ముందు వరుసలో స్కూలు పుస్తకాలు, లోపల నేల నుంచి పైకప్పు దాకా పాత వారపత్రికలు.

"సీరియల్సు కావాలాండీ?" అని తనే అడిగింది. "చాలామంది వాటి కోసమే వస్తారు."

వారపత్రికల్లో సీరియల్ పేజీలు వారం వారం కత్తిరించి, అన్నీ చేరాక బైండు చేయించుకున్న పుస్తకాలు మీలో చాలామంది ఇళ్లలో ఉండే ఉంటాయి. నా లెక్కలో తెలుగువాళ్లు సొంతంగా చేసుకున్న ప్రచురణ అది. అచ్చు పుస్తకంలో లేనివి వాటిలో ఉంటాయి: ప్రతి వారం బొమ్మలు, వెనక పేజీలో సగానికి తెగిన సబ్బు ప్రకటన, ఆ వారం సినిమా కబుర్లలో సగం. కొన్ని రచనలు పుస్తకంగా రానేలేదు, ఈ బైండుల్లోనే బతికి ఉన్నాయి. ఒకదాని వెన్ను మీద ఆ ఇంటి ఇల్లాలి పేరు బంగారు రంగు అక్షరాల్లో కొట్టించి ఉంది. రచయిత పేరు లేదు. ఆ బైండు చేయించిన మనిషికి అది తన పుస్తకం, అంతే.

పచ్చళ్ల పుస్తకం ఆ బైండుల కింద దొరికింది. నలభై పేజీలు కూడా లేని బులుగు అట్ట పుస్తకం, పిన్నులు తుప్పు పట్టి కాగితం మీదికి గోధుమరంగు దిగింది. అచ్చులో కొలతలు వీశెల్లో, సోలల్లో ఉన్నాయి. వీశె పాతకాలపు తూకం, సోల కొలపాత్ర. ఆవకాయ పేజీ దగ్గర తెరవగానే చేతిరాతలు కనిపించాయి, మూడు రకాలవి. మొదటిది కలం సిరాతో, గుండ్రటి అక్షరాల్లో. వీశె మామిడికాయ ముక్కలు అని ఉన్నచోట పైన '1 కిలో 400' అని రాసింది. 1960ల్లో కొత్త తూనికలు వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఎవరో కూర్చుని ప్రతి వంటకూ లెక్క మార్చుకున్నారు. పుస్తకంలో ఒక్క కొలత కూడా వదల్లేదు. రెండోది పెన్సిలు రాత: 'కల్లుప్పు దంచినదైతే ఇంతే. మెత్త ఉప్పు అయితే సోలకు తగ్గించాలి.' ఎంత సరైన మాట. మెత్తటి ఉప్పు కొలపాత్రలో ఎక్కువ పడుతుంది, అదే సోల బరువెక్కువ తూగుతుంది. ఆ సంగతి తెలియక పచ్చడి ఉప్పు కషాయమైన ఇళ్లు ఎన్నో. అచ్చువేసినవాళ్లు చెప్పనిది, ఒక వేసవి పచ్చడి రుచి చూశాక ఆ ఇంటి మనిషి చెప్పింది. మూడోది బాల్‌పెన్ను, తొందర రాత: 'అమ్మ నువ్వులనూనె అంటుంది, ఇక్కడ దొరికేది వేరు. ఘాటు తగ్గుతోంది.' ఎక్కడ నుంచి రాసిందో ఆ అమ్మాయి. పుస్తకం ఆమెతో ఏ ఊరో వెళ్లి తిరిగి గుంటూరు చేరింది.

పేజీల అంచుల మీద పసుపు మరకలు, నూనె పేరుకుని పారదర్శకమైన బొటనవేలి ముద్ర. శుభ్రంగా ఉన్న ప్రతి ఇంకెక్కడైనా దొరికినా నాకు ఇదే కావాలి. కంప్యూటర్లలోకి ఎక్కించిన పాత పుస్తకాలను నేనూ రోజూ వాడుకుంటాను, వాటిని స్కాన్ చేసినవాళ్లకు దండం పెడతాను. కానీ అక్కడ ఒక పుస్తకానికి ఒక ప్రతి చాలు. మిగిలిన తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఇళ్లలో దానికి ఏం జరిగిందో తెలియాలంటే కొట్ల వెంట తిరగాల్సిందే.

డబ్బు ఇవ్వబోతే ఆవిడ పుస్తకం తీసుకుని ఆ రాతలన్నీ చదివింది. చదువుతూ ఉంటే ఆవిడ మొహం మారింది. "ఇన్నాళ్లూ ఉంది, నేను తెరవనే లేదండీ. ఒక్క ఫొటో తీసుకోనా?" అంది. ఆవకాయ పేజీ, మాగాయ పేజీ ఫోనులో తీసుకుంది. ఇద్దరం చాలాసేపు ఉప్పు గురించే మాట్లాడుకున్నాం. యాభై రూపాయలు చాలన్నది. వంద ఇస్తే వద్దనబోయి, తీసుకుంది.

తిరుగు బస్సుకు ముందు బృందావన్ గార్డెన్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి దగ్గరున్న అన్నమయ్య గ్రంథాలయానికి వెళ్లాను. ఒక పుస్తకప్రియుడు జీవితమంతా సేకరించి ఊరికి ఇచ్చిన పుస్తకాలతో మొదలైనది అది. అరల మధ్య నడుస్తుంటే, వేరు వేరు పేర్లతో సంతకాలున్న పుస్తకాలు పక్కపక్కన కనిపిస్తాయి. ఎన్ని ఇళ్లు తిరిగి ఇక్కడ చేరాయో. ఒకరి తపన వల్ల ఊరికి దక్కిన ఆస్తి. ఇలాంటిది ప్రతి జిల్లా కేంద్రంలో ఒకటి ఉండవద్దా?

ఆదివారం

ఏలూరు రోడ్డు చాలావరకు మూసి ఉంది. గవర్నర్‌పేట సందులో బైండింగు చేసే ఒకాయన ఆదివారం కూడా పనిచేస్తారని లెనిన్ సెంటర్ బాబాయి గారు చెప్పారు. రేడియో పుస్తకానికి అట్ట వేయించాలని తీసుకెళ్లాను.

ఆయన పుస్తకం అందుకుని ముందు వెన్ను చూశారు, తర్వాత కుట్టు. "పదహారు పేజీల ఫారాలు. దారం బాగానే ఉంది. విప్పక్కర్లేదు, పైన గుడ్డ వేస్తే చాలు" అన్నారు. విప్పి, అంచులు కోసి, కొత్తగా కుట్టేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అలా చేస్తే అంచున పెన్సిలు రాతలు తెగిపోతాయి. ఆయనకు చెప్పాల్సిన అవసరమే రాలేదు. రాతలున్న పేజీలు తనే చూసి, "ఇవి ఉంచాలి కదమ్మా" అన్నారు.

మైదా జిగురు అక్కడే కాచుకుంటారు. అందులో కొద్దిగా మైలుతుత్తం కలిపారు. పురుగు పట్టకుండా. లేత నీలిరంగు తిరిగిన జిగురును వేలితో వెన్ను మీద పూసి, పలచటి జాలిగుడ్డ అతికి, అది ఆరాక అట్టలు, పైన ముదురు ఎరుపు కాలికో. రసీదును ఏం చేయాలని అడిగితే, జిగురు తగలకుండా వెనక అట్ట లోపల చిన్న కాగితం జేబు చేసి అందులో పెట్టారు.

పని సాగుతుండగా 2024 సెప్టెంబరు మాట వచ్చింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పటి సంగతి. నీళ్లు తీశాక జనం ఆయన దగ్గరికి ఉబ్బిన పుస్తకాలు మోసుకొచ్చారు. పిల్లల సర్టిఫికెట్లు, పెళ్లి ఆల్బములు, రామాయణాలు, ఒక టైలరు జాకెట్ల కొలతలు రాసుకున్న నోటుపుస్తకం. పేజీకీ పేజీకీ మధ్య పాత న్యూస్‌పేపరు పెట్టి, పూటపూటకూ మారుస్తూ, ఫ్యాను గాలికే ఆరబెట్టారట. ఎండలో పెడితే కాగితం బిగుసుకుని విరుగుతుంది. "టైలరు పుస్తకం మొత్తం నిలబడిందమ్మా. పెన్సిలుతో రాసుకున్నాడు కాబట్టి. సిరాతో రాసినవి పోయాయి" అన్నారు.

ఇది నేను నా విద్యార్థులకు తప్పకుండా చెబుతాను.

సోమవారం

రాత్రికి రైలు. పుస్తకాలన్నీ అట్టపెట్టెలో సర్ది, చేతిలో ఉంచుకోవలసినవి తీసుకుని, మిగతావి ఆర్టీసీ కార్గోలో విశాఖపట్నానికి వేశాను. పచ్చళ్ల పుస్తకం, రేడియో పుస్తకం నాతోనే.

మధ్యాహ్నం మళ్లీ లెనిన్ సెంటర్. ఎర్ర అట్ట వేసిన రేడియో పుస్తకం చూపిస్తే బాబాయి గారు వెన్ను మీద చెయ్యి నిమిరి, కుర్రవాడిని పిలిచి చూపించారు. ఈ కొట్లలో లెడ్జరు ఉండదు, కంప్యూటరు ఉండదు. ఏది ఎప్పుడు వచ్చింది, ఎవరు పట్టుకెళ్లారు అనేది ఆయన బుర్రలోనే ఉంటుంది. అందుకే నాకు కావలసినవాటి జాబితా ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. గడియారాల మరమ్మతు, అద్దకాలు, పంపుసెట్లు, తేనెటీగలు.

ఆయన చదువుతూ చదువుతూ తేనెటీగల దగ్గర వేలు పెట్టి ఆగారు.

"ఇది వచ్చిందమ్మా. పెట్టెలు ఎలా కట్టాలో బొమ్మలున్నాయి. నిరుడు నూజివీడు నుంచి ఒకాయన వచ్చి పట్టుకెళ్లాడు. మామిడి తోటాయన. ఉండు."

ఫోను తీసి, చిన్న పుస్తకంలో నంబరు వెతికి కలిపారు. రెండు ముక్కలు చెప్పి ఫోను నా చేతికిచ్చారు. అవతల రైతు గారి గొంతు గట్టిగా వినబడుతోంది. పుస్తకం ఇవ్వనన్నారు. అందులో చెప్పినట్టే పెట్టెలు కట్టించారట, ఈగలు నిలిచాయట. ఒక కొలత మాత్రం మన చెక్కకు సరిపోలేదని, అది సరిచేసి పక్కన రాశారట.

"ఏమి రాశారండీ?" అని అడిగాను.

"అది చూస్తే గానీ అర్థం కాదమ్మా. పూత సమయానికి రండి, తోటలోనే కూర్చుని ఫొటోలు తీసుకుందురు గాని."

మామిడి పూత డిసెంబరు, జనవరి. విజయవాడ పుస్తక మహోత్సవం సాధారణంగా జనవరి మొదట్లో జరుగుతుంది. రెండూ ఒకే ప్రయాణంలో కుదురుతాయి. నంబరు రాసుకున్నాను.